బావ పద్ధతి

మూడో అట్టపెట్టె మెట్లు దిగి వరండాలోకి వచ్చేసరికి అద్దాలమ్మ చేతిలోని టీ చల్లారిపోయింది.

పెట్టె మోస్తున్నది ఆమె తమ్ముడు. ఆ పెట్టెను తప్ప లోకంలో ఉన్న సమస్తాన్నీ శ్రద్ధగా చూస్తున్నది ఆమె భర్త. బావా బావమరదులిద్దరూ మాటలు మానేసి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజుల్లో ఇంట్లో తలుపులు కూడా మెల్లగా మూసుకోవడం నేర్చుకున్నాయి.

"ఇంకెన్ని ఉన్నాయిరా పైన?" అని అడిగింది అద్దాలమ్మ.

"రెండక్కా. ఒకదాంట్లో పుస్తకాలు, ఒకదాంట్లో వైర్లు. వ్యాను పన్నెండింటికి వస్తుంది, ఈలోగా దించేస్తా."

"వైర్లన్నీ నీవేనా?"

"బావవి కొన్ని ఉంటే తీసి పక్కన పెట్టాను."

"నాకేం అక్కర్లేదని చెప్పు," అన్నారు ఆమె భర్త మాస్టారు, కిటికీ చువ్వలతో.

"మీరే చెప్పండి. పదడుగుల దూరంలో ఉన్నాడు."

"వినేవాడైతే చెబుదును."

"వింటానని చెప్పక్కా," అన్నాడు తమ్ముడు పెట్టె కింద పెడుతూ.

"ఒరేయ్, నన్నేమన్నా టెలిఫోను తీగ అనుకున్నారా మీరిద్దరూ? అటు మాట ఇటు, ఇటు మాట అటు! తీగక్కూడా రాత్రిపూట కాస్త విశ్రాంతి ఉంటుంది. నాకు అదీ లేదు."

ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు. నాలుగు రోజుల కింద అయితే ఇద్దరూ నవ్వేవాళ్ళు.

కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టే వర్క్‌షాపు ఆమెది. ఇంటి వెనక రేకుల షెడ్డులో పద్దెనిమిదేళ్ళ వయసులో మొదలుపెట్టింది. పనివాళ్ళు అద్దాలమ్మ అన్నారు, దుకాణాలవాళ్ళు అద్దాలమ్మ అన్నారు, చివరికి ఉత్తరాలు కూడా అదే పేరుతో రావడం మొదలైంది. ఆయన ఒకప్పుడు సాయంత్రపు క్లాసుల్లో కంప్యూటర్ ప్రోగ్రాంలు రాయడం నేర్పేవారు కాబట్టి అందరికీ మాస్టారు. ఇక తమ్ముడికి పదేళ్ళప్పుడు తల్లి పోతే అక్క చెయ్యి పట్టుకుని ఈ ఇంటికొచ్చాడు. ఇప్పుడు ముప్పై ఎనిమిది. ఇన్నేళ్ళలో ఈ గడప దాటి వేరే చోట ఉంటానన్నది ఇదే మొదటిసారి.

"వెళ్ళేవాడివి ఎలాగూ వెళ్తున్నావు. ఎందుకు వెళ్తున్నావో ఒక్కసారి నా మొహం చూసి చెప్పు," అంది అద్దాలమ్మ.

తమ్ముడు మెట్టు మీద కూర్చున్నాడు. "నేను చేసిన కంప్యూటర్ సామాను వల్ల ఒక మనిషి తప్పు అద్దాలు పెట్టుకుని స్కూలు బస్సు తీసుకెళ్ళి గేటుకి కొట్టాడక్కా. బస్సు ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది. పిల్లలుండి ఉంటే?"

"నీ సామాను వల్లేనని తేలిందా?"

"బావ ప్రోగ్రాం ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పు చీటీ ఇవ్వలేదు. నా సామాను మీద ఎక్కించిన పదకొండో రోజున ఇచ్చింది. ఇంకా తేలడానికేముంది? నాలుగు రోజుల్నించీ నా కోడంతా లైను లైనూ చదివాను. తప్పు దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు, నాకు కనబడటం లేదని. కనబడని తప్పున్నవాణ్ణి ఈ ఇంటి పనిలో ఎందుకు ఉండనివ్వాలి?"

"ఇప్పుడొప్పుకున్నాడు చూశావా!" అన్నారు మాస్టారు గభాల్న ఇటు తిరిగి.

అన్నారే గానీ, ఆయన మొహం గెలిచిన మనిషి మొహంలా లేదు. నాలుగు రోజులుగా ఆయనకు కావలసింది పోట్లాట. ఎదుటివాడు కత్తి కింద పెట్టేస్తే ఆయన చేతిలో కత్తి కూడా బరువైపోయింది. మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయారు.

ఆ సామాను కథ అద్దాలమ్మకు బాగా తెలుసు. ఒక రకంగా అది ఆమె షెడ్డు కోసం మొదలైందే.

మాస్టారు రాసిన ప్రోగ్రాం మూడు కళ్ళజోళ్ళ దుకాణాల్లో మూడు కంప్యూటర్లలో ఉండేది. డాక్టరు రాసిచ్చిన పవర్లు కౌంటరులో ఎక్కిస్తే చీటీ వచ్చేది. ఆ చీటీలు రోజుకి రెండుసార్లు మనిషి చేత షెడ్డుకి వచ్చేవి. వెబ్‌లో పెడితే అక్కడ ఎక్కించిన నిమిషంలో ఇక్కడ చీటీ వస్తుంది, అలా పెట్టమని అందరూ అన్నారు. మాస్టారు మొదట ససేమిరా అన్నారు. తర్వాత నేర్చుకుందామని ఆరు నెలలు కుస్తీ పట్టి పుస్తకాలు పక్కన పడేశారు. "ఇదేం వ్యవహారమే! నా ప్రోగ్రాంలో స్క్రీన్ మీద ఒక గడి పెడతాను, ఒక బటన్ పెడతాను. ఆ బటన్ నొక్కితే ఏం జరగాలో దాని వెనక రాస్తాను. అంతే. ఈ వెబ్బు మతిమరుపు గుమాస్తా. నొక్కిన ప్రతిసారీ లోపలికెళ్ళి తిరిగొచ్చి 'తమరెవరండీ?' అంటుంది," అనేవారు. ఆ తర్వాత కుర్చీలో కూర్చోవడమే తగ్గించేశారు. ఉదయం పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్ళీ అదే పేపరు.

అప్పుడు తమ్ముడు అన్న మాట ఆమెకు ఇప్పటికీ చెవిలో ఉంది. "బావకి వెబ్ నేర్పలేం అక్కా. వెబ్‌కే బావ పద్ధతి నేర్పుతాను."

రెండేళ్ళు నేర్పాడు. ఆఫీసు నుంచి వచ్చి, సెలవు రోజుల్లో కూర్చుని. గడి లాగి పెట్టడం, బటన్ లాగి పెట్టడం, దాని మీద రెండుసార్లు నొక్కితే రాసుకునే చోటు తెరుచుకోవడం, అచ్చం పాతదానిలాగే. గుమాస్తాకి అన్నీ గుర్తుండేలా లోపల ఏం తిప్పలు పడ్డాడో వాడికే తెలుసు. మాస్టారు మొదటిరోజు ఒక బటన్ పెట్టి, నొక్కి, అది పలికేసరికి చిన్నపిల్లాడిలా ఇల్లంతా తిరిగారు. మూడు నెలల్లో తన నలభై ఒక్క స్క్రీన్లూ తనే మళ్ళీ కట్టుకున్నారు. మధ్యాహ్నం నిద్ర మానేశారు. మాట గట్టిపడింది.

అలాంటి మనిషి ఇవాళ చువ్వలు చూస్తూ కూర్చున్నారు.

"ఒరేయ్, నీ కోడంతా చదివానన్నావు. బావ రాసింది చదివావా?"

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "అది నేను తెరవను. నీకు తెలుసుగా."

తెలుసు. పదహారేళ్ళప్పుడు వీడు మాస్టారి ప్రోగ్రాంని 'బాగు చేశాడు'. షెడ్డు రెండు రోజులు పడుకుంది. ఆ రోజు మాస్టారు అరిచిన అరుపుకి వీధి చివరి కుక్క కూడా లేచి వెళ్ళిపోయింది. బావ రాసింది ఇక చచ్చినా ముట్టుకోనని వీడు ఒట్టేశాడు. ఆ ఒట్టు ఇరవై రెండేళ్ళుగా చెక్కుచెదరకుండా ఉంది.

"నా దాంట్లో చదవడానికేముంది? అది ఇరవై రెండేళ్ళుగా నడుస్తున్న సరుకు," అన్నారు మాస్టారు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికొకడు," అంది అద్దాలమ్మ. "ఆడేవాడు ఎవరో, మద్దెల ఎవరో నాకు తెలియదు. ఇద్దరూ ఇక్కడే ఉండండి. ఎవరూ గడప దాటొద్దు."

ఆమె వెనక తలుపు తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది.

షెడ్డులో పని చేతి చీటీలతో నడుస్తోంది. అద్దాలు అరగదీసే యంత్రం కింద నీళ్ళు సన్నగా పారుతున్నాయి. బల్ల మీద వరసగా ట్రేలు. ఒక్కో ట్రేలో ఒక చీటీ, ఒక ఫ్రేము, రెండు అద్దాలు. ఒక ట్రేలో అద్దం ఇంకో ట్రేలోకి పోవడం ఈ షెడ్డులో ఇంతవరకూ జరగలేదు. అలా పోతే మనిషి చూపే మారిపోతుందని కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెబుతుంది.

బస్సు డ్రైవరు ఆర్డరుకి వచ్చిన తప్పు చీటీ తీసింది. పేరు అతనిదే. పవర్లు అతనివి కావు. అతనికి దూరం ఆనదు. చీటీలో ఉన్నవి దగ్గరిది ఆనని మనిషి పవర్లు. అద్దాలు చీటీ ప్రకారమే తయారయ్యాయి, తనే సరిచూసి పంపింది. పాపం అతను, కొత్తవి కదా, అలవాటు పడాలేమోననుకుని పెట్టుకుని బస్సెక్కాడు.

ఆ అంకెలు ఆకాశంలోంచి ఊడిపడవు కదా, ఎవరో ఒకరివి అయ్యుండాలి. ఈ మాట ఈ నాలుగు రోజుల్లో తనకెందుకు తట్టలేదని తనని తానే తిట్టుకుంది. ఇంట్లో ఇద్దరి మొహాలు చూడటంతోనే సరిపోయింది మరి.

తీగకి గుచ్చిన చీటీలన్నీ దించి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. కుడికన్ను, ఎడమకన్ను, కోణం, కళ్ళ మధ్య దూరం. ఇరవై, ముప్పై, యాభై చీటీలు.

దొరికింది. ఇంకో దుకాణంలో ఒక టైలరమ్మ ఇచ్చిన ఆర్డరు. రెండు కళ్ళ పవర్లూ అవే. కోణం కూడా అదే. ఇద్దరు మనుషుల పవరు కలవొచ్చు గానీ ఇలా అణువణువూ కలవదు.

రెండు చీటీలూ పక్కపక్కన పెట్టింది. కింద మూలన సన్నటి అక్షరాల్లో సమయం ఉంటుంది. ఎవరూ చూడరు. పదకొండు నలభై రెండు. రెండోదాని మీదా పదకొండు నలభై రెండే.

అద్దాలమ్మ చీటీలు కొంగున పెట్టుకుని దాదాపు పరుగెత్తింది.

వరండాలో నాలుగో పెట్టె కూడా చేరింది.

"అది అలా వదిలెయ్. నీ ల్యాప్‌టాప్ తియ్," అంది తమ్ముడితో. "ఏమండీ, మీరు హాల్లో కంప్యూటర్ ముందు కూర్చోండి."

"ఎందుకు?"

"నేను చెప్పానని."

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె ఆ గొంతుతో మూడుసార్లే మాట్లాడింది. మాస్టారు లేచి వెళ్ళి కూర్చున్నారు. తమ్ముడు పెట్టె మీదే కూర్చుని ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆమె మధ్య గుమ్మంలో నిలబడింది.

"మీరు డ్రైవరు అసలు పవర్లతో ఆర్డరు ఎక్కించండి. వాడు ఈ చీటీలోని టైలరమ్మది ఎక్కిస్తాడు."

"ఇదంతా నేను నాలుగొందలసార్లు చేశాను. ఒక్కసారీ తప్పు రాలేదు," అన్నారు మాస్టారు.

"నేనూ చేశానక్కా. నాకూ రాలేదు."

"ఇద్దరూ కలిసి ఒకేసారి చేశారా?"

మాటలే లేని ఇద్దరు మనుషులు కలిసి ఎలా చేస్తారు? ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి కోపంతో వాళ్ళు, ఒంటరిగా నాలుగు రోజులు వెతికారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

"మీరు పవర్లు ఎక్కించారా? ఆగండి. చీటీ బటన్ నొక్కకండి. నువ్వెక్కించరా. అయిందా? ఇప్పుడు నొక్కండి మీరు."

హాల్లో మూలనున్న ప్రింటర్ గరగరలాడింది. చీటీ బయటికొచ్చింది. అద్దాలమ్మే వెళ్ళి తీసింది.

పేరు డ్రైవరుది. పవర్లు టైలరమ్మవి.

ఆమె దాన్ని మాస్టారి ముందు పెట్టింది. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని చూశారు. తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూశారు.

"చూశావా, వాడి సామానే..." అన్నారు. గొంతులో మునుపటి బలం లేదు.

తమ్ముడు గుమ్మం దాకా వచ్చాడు. చీటీ చూశాడు. కళ్ళు చిట్లించాడు.

"బావా, స్క్రీన్లో ఎక్కించిన పవర్లు చీటీ దాకా రావాలి కదా. ఈలోగా ఎక్కడ దాస్తున్నారు?"

నాలుగు రోజుల తర్వాత మొదటి మాట అది. అది మొదటి మాటని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

"ఎక్కడ దాస్తానోయ్? పైన."

"పైనంటే?"

"ప్రోగ్రాం మొదట్లో. ఇప్పుడు కౌంటరు ముందున్న మనిషి వివరాలు అని ఒక చోటు పెట్టుకుంటాను. ఏ స్క్రీనైనా అక్కడినుంచి తీసుకుంటుంది. పేరు చిన్నది కాబట్టి ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీనుకి చేతిలోంచి చేతికి ఇస్తాను. పవర్లన్నీ పైన ఉంటాయి. నీకు క్లాసులో నేర్పింది కూడా అదేగా."

తమ్ముడి నోరు కొద్దిగా తెరుచుకుంది. ఏదో అనబోయాడు. బావ మొహం చూశాడు. నోరు మూసుకున్నాడు.

"ఏమైందిరా?" అంది అద్దాలమ్మ.

"ఏం లేదక్కా. నా సామానులోనే ఎక్కడో ఉన్నట్టుంది. చూసి సరిచేసి పంపిస్తా. కొత్త చోటికెళ్ళాక చేస్తా."

వీడిని పదేళ్ళప్పట్నించీ చూస్తోంది ఆమె. పలక పగలగొట్టింది పక్కింటి పిల్లయితే, తనే పగలగొట్టానని చెప్పినప్పుడు కూడా వీడి మొహం ఇలాగే ఉండేది. వీడికి తప్పు దొరికింది. అది వీడిది కాదు. అందుకే చెప్పటం లేదు.

ఆమెకు ప్రోగ్రాంలు రావు. షెడ్డులో ట్రేలు మాత్రం వచ్చు.

"ఏమండీ, నాకొక్క సంగతి చెప్పండి. ఇదివరకు మీ ప్రోగ్రాం మూడు దుకాణాల్లో మూడు కంప్యూటర్లలో ఉండేది కదా?"

"ఊఁ."

"అంటే ఒక్కోదానిలో ఒక్కో 'పైన' ఉండేదా?"

"ఉంటుంది మరి. ఎవరిది వాళ్ళకే."

"ఇప్పుడు ప్రోగ్రాం మూడు చోట్లా ఉందా?"

"లేదే. వెబ్ కదా, ప్రోగ్రాం ఒక్కచోటే ఉంటుంది. అందరూ అక్కడికే..."

మాస్టారు అక్కడ ఆగిపోయారు.

"మరి ఇప్పుడు ఎన్ని 'పైన'లు ఉన్నాయండీ?"

ఎదురింట్లో ఎవరో బాల్చీ నింపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. మాస్టారు చీటీ వైపు చూశారు, స్క్రీన్ వైపు చూశారు, చివరికి తన వేళ్ళ వైపు చూసుకున్నారు.

"ఒక్కటే," అన్నారు.

"మూడు కౌంటర్ల మనుషులకీ కలిపి ఒకటే ట్రే పెట్టారన్నమాట," అంది అద్దాలమ్మ మెల్లగా. తిట్టాలని లేదామెకు. "ఒకరు పెట్టిన అద్దాల మీద ఇంకొకరు వాళ్ళవి పెడుతున్నారు."

మాస్టారు బావమరిది వైపు తిరిగారు.

"నీకు ఇందాకే తెలిసిపోయింది కదూ?"

తమ్ముడు నేల చూశాడు.

"ఎందుకు చెప్పలేదోయ్?"

"మీరు మళ్ళీ పేపరు పట్టుకుని కూర్చుంటారని."

ఆ మాటకి మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అద్దాలమ్మ అటు తిరిగి గోడ మీద లేని మరకని కొంగుతో తుడిచింది. ఏడుపూ కాదు, నవ్వూ కాదు. నాలుగు రోజులుగా ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. తప్పు తప్పే. కానీ దానికి ఇప్పుడొక చోటుంది, దాన్ని వేలితో చూపించవచ్చు.

"ఇలా రా," అన్నారు మాస్టారు కుర్చీ పక్కకి జరుపుతూ. "తెరువు."

"ఏది?"

"నేను రాసింది. పైనుంచి పదిహేడో లైను."

"ఒట్టుంది కదా బావా."

"నీ ఒట్టు గట్టు మీద పెట్టు! నేనే చెబుతున్నాను కదటోయ్, తెరవమని."

తమ్ముడు మోకాళ్ళ మీద వంగి తెరిచాడు. ఇద్దరి తలలూ స్క్రీన్ ముందు చేరాయి, ఒకటి నెరిసింది, ఒకటి నెరవబోయేది. పదిహేడో లైను అక్కడే ఉంది. ఒక్క లైను. ఇరవై రెండేళ్ళు నిక్షేపంగా పనిచేసి, ఇల్లు మారేసరికి బస్సుని గేటుకి గుద్దించింది.

"తప్పు మీ ఒక్కరిదీ కాదు బావా," అన్నాడు తమ్ముడు. "అచ్చం పాతదానిలాగే ఉంటుంది, ఏమీ మార్చుకోనక్కర్లేదు అని మీకు చెప్పింది నేను. పాతదాంట్లో కుర్చీకి ఒకే మనిషి. ఇక్కడ వందమంది ఒకే కుర్చీలో కూర్చుంటారు. ఆ సంగతి కనబడకుండా దాచేశాను. మీకు సుఖంగా ఉంటుందని."

"సుఖంగానే ఉందిలేవోయ్," అన్నారు మాస్టారు. "మరీ సుఖమైపోయింది."

తమ్ముడు ఫక్కున నవ్వాడు. వాడు నవ్వడం చూసి మాస్టారు కూడా నవ్వారు. ఆ నవ్వు విన్న అద్దాలమ్మ చల్లారిపోయిన టీని అమృతంలా గటగటా తాగేసింది.

డ్రైవరు సరిగ్గా అప్పుడే వచ్చాడు, సరిచేసిన కళ్ళజోడు కోసం. నలభై దాటిన మనిషి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే చెప్పులు విడిచి వచ్చాడు. అద్దాలమ్మ కళ్ళజోడు పెట్టి, చెవుల వెనక సర్ది, వీధి అవతలి బోర్డు చదవమంది. అతను చదివాడు. కింద చిన్నక్షరాల్లో ఉన్న ఫోను నంబరు కూడా చదివాడు.

"అమ్మయ్య!" అన్నాడు అతనే. "నా కళ్ళే పోయాయనుకున్నానమ్మా. మా స్కూలువాళ్ళు కూడా అదే అంటున్నారు. సోమవారం నుంచి బస్సు ఇంకొకరికి ఇస్తారట. కళ్ళు కనబడనివాడికి ఇవ్వం కదా అంటున్నారు."

అద్దాలమ్మ నోరు తెరిచేలోపు మాస్టారు హాల్లోంచి లేచి వచ్చారు.

"తప్పు నీ కళ్ళది కాదయ్యా. నాది. నేను రాసిన ప్రోగ్రాం నీ చీటీలో ఇంకొకరి పవర్లు వేసింది."

డ్రైవరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. కోప్పడతాడనుకున్నారు అందరూ.

"ఆ ముక్క కాగితం మీద రాసిస్తారా బాబూ?"

"రాసివ్వడం ఎందుకు, నేనే వస్తాను పద, మీ స్కూలుకి. రాసిస్తాను, వచ్చి చెబుతాను కూడా."

"మధ్యాహ్నం రండి. పెద్దమేడమ్ అప్పుడుంటారు," అన్నాడు డ్రైవరు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, కొత్త చూపుతో వీధి ఆ చివరనుంచి ఈ చివరిదాకా చూసుకున్నాడు. "ఏం చెట్లమ్మా, ఆకులన్నీ విడివిడిగా కనబడుతున్నాయి!"

అతను వెళ్ళాక మాస్టారు తిరిగి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళలేదు. వరండాలో పెట్టెల మధ్య నిలబడ్డారు.

"నువ్వు వెళ్ళక్కర్లేదు. వెళ్ళాల్సిన అవసరం తీరిపోయింది," అన్నారు బావమరిదితో. "నేనే తప్పుకుంటాను. ఆ స్క్రీన్లన్నీ నువ్వు చూసుకో. అరవై దాటినవాడికి ఎందుకీ పెత్తనం? ఇవాళ గేటు. రేపు ఇంకోటి."

ఒక గోతిలోంచి లేచామనుకుంటే ఇంకోటి, అనుకుంది అద్దాలమ్మ.

తమ్ముడికి కోపం వచ్చింది. నాలుగు రోజులుగా రానిది ఇప్పుడొచ్చింది.

"అయితే నేనూ వెళ్ళిపోతాను. నిజంగానే వెళ్ళిపోతాను. ఈ రెండేళ్ళూ నేను ఎవరికోసం చేశాననుకున్నారు? దుకాణాలకోసమా? దుకాణాలకైతే రెండు నెలల్లో నేనే నా పద్ధతిలో రాసి పడేసేవాణ్ణి. రెండేళ్ళు పట్టిందెందుకో తెలుసా? మీరు కూర్చోవాలని! మీకు నేర్పడం చేతకాక కాదు, మీరు అడగరని. ఇన్నేళ్ళలో మీరు ఎవరినీ ఒక్క ప్రశ్న అడగడం నేను చూడలేదు. మాస్టారు కదా, అందరూ మిమ్మల్నే అడగాలి!"

ఇలాంటి మాట ఈ ఇంట్లో ఆయన్ని ఎవరూ అనలేదు. అద్దాలమ్మ కూడా. అది నిజమని ఆమెకు తెలుసు. అందుకే మధ్యలోకి వెళ్ళలేదు.

వీధిలో వ్యాను వచ్చి ఆగింది. "సామాను ఎక్కడ సార్?" అని కేక వినిపించింది.

మాస్టారు అక్కడే నిలబడి ఉన్నారు. పైపెట్టె మీద టేపు అంచు ఊడితే వేలితో అదిమారు. మళ్ళీ ఊడింది. మళ్ళీ అదిమారు.

"ఒక్కొక్కళ్ళకీ వేరే ట్రే పెట్టాలంటే," అన్నారు ఆయన, పెట్టె వైపే చూస్తూ, "ఎలా రాయాలోయ్?"

తమ్ముడు ఆయన పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"చెబుతాను. తేలికే బావా. కానీ ఈ ఒక్క లైనుతో అయిపోదు. పైనున్నదాన్ని ఎక్కడెక్కడ వాడారో చూడాలి. నలభై ఒక్క స్క్రీన్లూ విప్పాలి."

"ఎన్నాళ్ళు?"

"ఇద్దరం కూర్చుంటే మూడు వారాలు."

"పద మరి."

ఇద్దరూ లోపలికెళ్ళిపోయారు. వరండాలో నాలుగు పెట్టెలు, అద్దాలమ్మ మిగిలారు. గేటు దగ్గర వ్యానతను వెనక తలుపు తెరుస్తున్నాడు.

ఆమె గేటు దాకా వెళ్ళింది. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు.

"బాబూ, ఇవాళ కాదు. మూడు వారాల తర్వాత రాగలవా?"

"వస్తానమ్మా. అప్పటికి ఖాయమేనా? ఖాళీ చేస్తారా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. హాలు కిటికీలోంచి ఇద్దరి గొంతులూ ఒకేసారి వినిపిస్తున్నాయి. "అది కాదు బావా" అంటోంది ఒకటి, "నువ్వాగవోయ్" అంటోంది ఇంకోటి. మొదటి స్క్రీన్ దగ్గరే పేచీ మొదలైంది.

"ఏమో నాయనా," అంది అద్దాలమ్మ. "ఒక్కో స్క్రీనుకీ ఇలా తగువాడుకుంటే ఎన్నాళ్ళు పడుతుందో. నువ్వు మాత్రం రాబోయే ముందు ఒకసారి ఫోను చెయ్యి."